కాలకేయుల మాట, కలమళ్ల రాత

 

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌ను తలచుకోవడానికి కడపను మించిన చోటు లేదు. 1798లో కలకత్తాలో పుట్టిన ఆ మనిషి 1820లో, ఇరవై రెండేళ్లయినా నిండకముందే, కుంపిణీ ఉద్యోగిగా ఈ ఊరికి వచ్చాడు. కచేరీకి వచ్చిన రైతు చెప్పేది అర్థం కాకపోతే శిస్తు లెక్కా తేలదు, తగాదా తేలదు. ఉద్యోగం కోసం మొదలుపెట్టిన తెలుగు ఆయన్ని జీవితాంతం వదల్లేదు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించాడు. కడప బంగళాలో పండితులను కూర్చోబెట్టి, సొంత జీతం లోంచి వారికి జీతాలిచ్చి, తాళపత్రాలు పోగుచేయించి పాఠాలు సరిచూయించాడు. ఆ బంగళా ఉన్న నేల మీదనే ఇవాళ బ్రౌన్ పేరిట భాషా పరిశోధన కేంద్రం నిలిచి ఉందంటే, అందుకోసం ఊరూరా తిరిగి చందాలు, పుస్తకాలు సేకరించిన జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారికి కూడా ఈ సభలో ఒక దండం దక్కాలి.

బ్రౌన్ పని జనం నోళ్లలో ఉన్న మాటలను ఏరి కాగితం మీదికి ఎక్కించడం. ఇవాళ్టి విషయం దానికి అచ్చంగా తిరగబడ్డది: ఏ నోటా లేని మాటలను కాగితం మీద పుట్టించి, అవి వేల ఏళ్ల నాటివని నమ్మించడం. ఊహాలోకాలకు ప్రాచీన భాషలు కట్టే విద్య అది. ఈ పెద్దాయన స్మారకోపన్యాసానికి సినిమా కబురేమిటని కొందరికి అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి, దారి చివరికి ఆయన నిఘంటువు దగ్గరికే చేరుతుంది.

ఈ ఉపన్యాసం చెప్పదలచినది ఒక్కటే. వింతగా వినిపించినంత మాత్రాన భాష పాతది కాదు. వాడి వాడి అరిగిన గుర్తులుంటేనే అది పాతదిగా నమ్మబుద్ధవుతుంది. ఆ గుర్తులు ఎలా ఉంటాయో చూడాలంటే కర్నూలు, కడప జిల్లాల బండలు చాలు.

1. ఓర్వకల్లులో మొదలైన సినిమా

2013 జూలై 6న, కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే రోడ్డు మీద, ఓర్వకల్లు రాతివనంలో ఎస్.ఎస్. రాజమౌళి 'బాహుబలి' చిత్రీకరణ మొదలుపెట్టారు. ఆ బండలు ఈ సభలో చాలామందికి తెలిసినవే. మనిషి చెయ్యి పడకుండానే శిథిలనగరంలా కనిపించే చోటు. అక్కడికి దగ్గర్లోనే కేతవరం గుట్టల్లో చరిత్రకు ముందటి మనుషులు గీసిన బొమ్మలున్నాయి. జింకలను గీసినవారు ఏ భాషలో మాట్లాడుకున్నారో చెప్పే అక్షరం మాత్రం ఒక్కటీ లేదు.

సినిమా 2015 జూలై 10న విడుదలైంది. అందులోని మాహిష్మతి రాజ్యం మీదికి దండెత్తి వచ్చే కాలకేయుల పేరు మహాభారతంలోనిది. వారి నోటి మాట మాత్రం కొత్తగా కట్టింది. దాని పేరు కిలికి. కట్టినవారు తమిళ కవి, ఆ సినిమాకు తమిళ మాటలు రాసిన మదన్ కార్కి. ఆయన వైరముత్తు కుమారుడు, కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేటు చేసినవాడు. ఆస్ట్రేలియాలో చదువుకునే రోజుల్లో ఇద్దరు పిల్లలను ఆడించడానికి సరదాగా మొదలుపెట్టిన మాటల ఆటే కిలికికి మూలం. 'మిన్' అంటే నేను. దాన్ని తిరగేసి 'నిమ్' అంటే నువ్వు. సినిమా కోసం ఆ ఆటను పెంచి సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు ఏర్పరచారని అప్పట్లో చెప్పారు. నాలుకతో టక్కుమనిపించే చప్పుళ్లు కూడా చేర్చారు. కాలకేయ నాయకుడిగా నటించిన ప్రభాకర్ ఆ మాటలను గొంతు చించుకుని, కళ్లు ఉరిమి, ఊపిరి తిప్పుకోకుండా పలికిన తీరుకు హాలు దద్దరిల్లింది.

పని సాంతం నెరవేరింది. అర్థం కాలేదు, భయం వేసింది. తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి తీస్తున్న సినిమాలో రెండు వైపులా పరాయిగా వినిపించే గుంపు అది. అందుకు కిలికి చక్కగా సరిపోయింది. కార్కి పనితనానికి వంక పెట్టనక్కరలేదు.

మరి అది ప్రాచీనంగా వినిపించిందా? ఇక్కడ కాస్త ఆగి చూడాలి. తెర మీద కిలికి ఎప్పుడూ యుద్ధభూమిలోనే వినిపిస్తుంది. ఆ భాషలో ఎవరూ బేరమాడరు, బిడ్డను జోకొట్టరు, అప్పు అడగరు, చచ్చిపోయినవాడిని తలచుకుని ఏడవరు. బెదిరింపు ఒక్కటే దాని బతుకు. పైగా తెగ మొత్తానికీ ఒకే యాస. కడప మాటకూ కర్నూలు మాటకూ మధ్య తేడా పట్టేవారికి అది వెంటనే తెలిసిపోతుంది. నాలుగు కొండల అవతల ఉన్న కాలకేయుడు కూడా అచ్చం ఇలాగే మాట్లాడతాడా?

2. తిరగేసిన మాట

'మిన్', 'నిమ్' అని తిరగేయడం చూసి ఇదేదో కొత్త ఎత్తు అనుకోనక్కరలేదు. ఈ సభలో 'క' భాష మాట్లాడని బాల్యం ఉంటుందా? 'నువ్వు రేపు రా' అనాలంటే 'కనుకవ్వు కరేకపు కరా'. వేగం పెంచితే పక్కనున్న పెద్దవాళ్లు నోరెళ్లబెట్టాలి. ఏ బడి నేర్పలేదు, ఏ పుస్తకం రాయలేదు. అన్నల నుంచి తమ్ముళ్లకు, అక్కల నుంచి చెల్లెళ్లకు దిగుతూ వచ్చింది.

పండితులకూ ఈ ఆట ఇష్టమే. పదహారో శతాబ్దంలో పింగళి సూరన తన 'కళాపూర్ణోదయం' కావ్యాన్ని నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. గాల్లో ప్రయాణాలు, మారురూపాలు, పూర్వజన్మ కథను పూసగుచ్చినట్టు చెప్పే పసిబిడ్డ ఉన్న ఆ పుస్తకం ఏ కొలతతో చూసినా అద్భుతలోకపు నవలే. అందులో ఒక చిన్న పద్యం ఉంది. మొదటి నుంచి చదివితే తెలుగు. చివరి అక్షరం నుంచి వెనక్కి చదువుకుంటూ వస్తే సంస్కృతం. ఒకే అక్షరాల వరసలో రెండు భాషలు ఎదురెదురుగా నడుస్తాయి. విద్యార్థులు కావ్యం తెరిచి ఆ పద్యాన్ని వేలు పెట్టి చదివి చూడాలి. చెబితే నమ్మేది కాదు.

ఇంకా వెనక్కి వెళితే అదే సీమలో, తొలకరికి జనం వజ్రాల కోసం చేలల్లో తల వంచుకుని తిరిగే జొన్నగిరి దగ్గర, ఎర్రగుడి బండలున్నాయి. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలవి. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకూ నడుస్తాయి, సాలు చివర ఎద్దులు మళ్లి ఎదురు సాలు పట్టినట్టు. అశోకుడి శాసనాలు దేశమంతా ఉన్నా, ఇలాంటి చెక్కుడు దాదాపు ఇక్కడే కనిపిస్తుంది.

ఎర్రగుడిలో ఎందుకలా చెక్కాడో ఆ లేఖరికే ఎరుక. ఒకటి మాత్రం తేలుతుంది. తిరగేత వల్ల వింత పుడుతుంది, పాతదనం పుట్టదు. 'క' భాష వింతగా ఉంటుంది, దాని వయసు మాత్రం మాట్లాడే పిల్లల వయసే. సూరన పద్యం వింతే, అది ఒక కవి ఒక పూట చేసిన గారడీ. కిలికి సర్వనామాలూ ఆ కోవకే వస్తాయి. ఎర్రగుడి శాసనం పాతదయింది తిరగేసి రాసినందుకు కాదు. దాన్ని పాతదిగా చూపించేది అందులోని పని. రాజు మాటను రజ్జుకులనే అధికారులకు చెప్పాలి, వాళ్లు భేరి మోగించి పల్లెల్లో జనానికి వినిపించాలి, ఏనుగులెక్కేవారికీ లేఖరులకూ బోధించాలి అని అందులో ఆజ్ఞ ఉంది. ప్రాకృతంలో ఉన్న ఆ ఆజ్ఞను భేరి పక్కన నిలబడి జొన్నచేల జనానికి విప్పి చెప్పినవాడు ఏ మాటల్లో చెప్పి ఉంటాడు? రాతి మీది భాష ఒకటి, డప్పు పక్కన వినిపించిన భాష మరొకటి అయి ఉండాలి. ఒక దేశానికి రెండు భాషల అంతస్తులు ఉండడం, వాటి మధ్య ఒక దుబాసీ నలగడం, ఇదీ పాతకాలపు వాసన.

3. పిశాచాల నోట పెట్టిన భాష

ఊహాలోకపు భాషలు చెడ్డవారి నోట్లోనే ముందుగా ఎందుకు పడతాయి? ఈ అలవాటు బాహుబలితో రాలేదు.

శాతవాహనుల కాలానికి ముడిపెట్టి మనవాళ్లు చెప్పుకునే గుణాఢ్యుడి కథ గుర్తు చేసుకుందాం. పదకొండో శతాబ్దపు కాశ్మీర కవి సోమదేవుడి 'కథాసరిత్సాగరం' దాన్ని వివరంగా చెబుతుంది. జలక్రీడలో రాణి అన్న సంస్కృతపు మాట రాజుకు అర్థం కాలేదు. నవ్వులపాలయ్యాడు. సంస్కృతం నేర్పడానికి ఆరేళ్లు కావాలన్నాడు గుణాఢ్యుడు. ఆరు నెలలు చాలన్నాడు శర్వవర్మ. పందెంలో ఓడిన గుణాఢ్యుడు సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ మానేసి అడవి పట్టాడు. అక్కడ పిశాచాల భాష నేర్చుకుని, అందులో ఏడు లక్షల శ్లోకాల 'బృహత్కథ'ను తన నెత్తురుతో రాశాడు. పిశాచభాషలో, నెత్తుటితో రాసిన ఆ పుస్తకాన్ని రాజు తోసిపుచ్చాడు. కవి ఒక్కో పత్రం చదివి మృగాలకు వినిపిస్తూ నిప్పులో వేశాడు. మేత మాని వింటున్న జంతువులు చిక్కిపోయి రాజు వంటశాలకు మాంసం కరువయ్యాక గాని సంగతి బయటపడలేదు. మిగిలింది లక్ష శ్లోకాలు.

కథ కథే. కాని పైశాచి అనే ప్రాకృతం ఒకటి ఉండేదని వ్యాకర్తలు చెప్పారు. బృహత్కథ మూలం మనకు దక్కలేదు, భాష గురించిన సూత్రాలు దక్కాయి. హేమచంద్రుడి వ్యాకరణం ప్రకారం పైశాచిలో 'ద' వచ్చే చోట 'త' వస్తుంది. మదనుడు మతనుడవుతాడు, దామోదరుడు తామోతరుడవుతాడు. దీంట్లో దయ్యాలు ఎక్కడున్నాయి? తమిళ మిత్రుడు తెలుగు మాట పలికినప్పుడు వినిపించేపాటి తేడా ఇది. ఎక్కడో మనుషులు మాట్లాడుకున్న ఒక పలుకుబడిని, ఆస్థానంలో కూర్చున్న చెవి పిశాచాలకు అంటగట్టిందనే అనిపిస్తుంది.

ఇది పాతకాలపు పాపమని తోసేయడానికి లేదు. రాయలసీమ పల్లెల్లో ఎరుకలవారి ఇళ్లలో మాట్లాడే భాషను 'దొంగ భాష' అనుకున్న రోజులున్నాయి. తమిళానికి దగ్గరి చుట్టమైన ద్రావిడ భాష అది. అందులో లాలిపాటలున్నాయి, లెక్కలున్నాయి, తిట్లున్నాయి. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించాక ఎరుకలవారిని ఆ జాబితాలో పెట్టారు. దేశమంతటా ఆ చట్టం రద్దు కావడానికి 1952 దాకా పట్టింది. పక్కవాడికి అర్థం కాలేదన్న ఒక్క కారణాన అమ్మ మాట కాస్తా ముఠా సంకేతమైపోయింది.

నల్లటి శరీరాలకు మసి పూసి, కిచకిచల భాష ఇచ్చి, 'వీళ్లు క్రూరులు' అని చూపించడం ఏ దేశపు సినిమాకైనా తేలిక దారి. అందులో వినేవాడి భయమే తప్ప మాట్లాడేవాడి బతుకు ఉండదు. కట్టుభాష రాసేవారు ముందుగా తమను తాము అడగవలసిన ప్రశ్న ఇది: ఈ భాష అవతలివాడి ఇంట్లో ఎలా ఉంటుంది?

4. కలమళ్ల రాయి ఏం చెబుతుంది

ఇప్పుడు ఇల్లు చేరాం. ఎర్రగుంట్ల మండలం కలమళ్ల. థర్మల్ విద్యుత్ కేంద్రం వల్ల అందరికీ తెలిసిన ఊరు. అక్కడి చెన్నకేశవ, సిద్ధేశ్వర ఆలయాల ప్రాంగణంలో దొరికిన శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పాలనలో వేసింది. పూర్తిగా తెలుగులో ఉన్న శాసనాల్లో దీన్నే అన్నిటికన్నా పాతదిగా చెబుతారు. నీలకంఠశాస్త్రి, ఎం. వెంకటరామయ్య పండితులు దీన్ని 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రకటించారు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు చూపిన ఆధారాల్లో దీని పేరు వినిపించింది.

ఎవరైనా సినిమావారు ప్రాచీన తెలుగు శాసనం తయారు చేయమంటే మనలో చాలామంది ఏం చేస్తారు? నాలుగు సంస్కృత సమాసాలు, ఒక 'జయము జయము', రాజుగారి బిరుదులు ఓ పన్నెండు. కలమళ్ల రాతిలో అవేవీ లేవు. రాయి విరిగింది, అక్షరాలు కొన్ని పోయాయి. మిగిలిన దాంట్లో ఒక రాజు పేరు, ఆయన రేనాడు ఏలుతున్న సంగతి, చిరుంబూరు అనే ఊరు, కొందరు మనుషుల పేర్లు, ఒక ఊరి వ్యవహారం, చివర దాన్ని చెడగొట్టినవాడికి పంచమహాపాతకాల శాపం. అంటే ఒక కచేరీ కాగితం. మన ఊళ్లలో పాత దస్తావేజు ఎలా ఉంటుందో అలా ఉంది, కాగితానికి బదులు రాయి.

ఆ పొడి కాగితంలో భాష వయసు మాత్రం ప్రతి ముక్కలోనూ కనిపిస్తుంది. ఇవాళ మనం 'ఏలగా' అనే చోట అక్కడ 'ఏళన్' అని ఉంది. రేనాడు 'రేనాండు'గా ఉంది. చిరుంబూరు ఇప్పటి చిలంకూరే అని చరిత్రకారులు గుర్తించారు. పధ్నాలుగు వందల ఏళ్లలో జనం నోళ్లు ఆ పేరును నమిలి నమిలి అలా మార్చాయి. ఏ రాజూ ఫర్మానా వేయలేదు.

ఇంకో అక్షరం దగ్గరికి వద్దాం. రేనాటి చోళుల శాసనాల్లో 'ఴ' అనే అక్షరం ఉంది. ఈ సభలో చాలామంది దాన్ని రాసి ఉండరు, పలికి ఉండరు. తమిళులు తమ భాష పేరు చివర పలికే ధ్వని అది. 'చోఴ' అనే మాటలో ఉండేది. అది తెలుగులో కొన్ని చోట్ల 'డ' అయింది, కొన్ని చోట్ల 'ళ' అయింది. అందుకే మనకు చోడులూ ఉన్నారు, చోళులూ ఉన్నారు. తమిళుల 'ఏఴు' మనకు ఏడు, వాళ్ల 'కోఴి' మనకు కోడి. పదకొండో శతాబ్దంలో నన్నయ భారతం మొదలుపెట్టేనాటికి ఆ ధ్వని తెలుగు నోటి నుంచి జారిపోయింది. ఒక ధ్వని చచ్చిపోతూ రెండు దారుల్లో వారసులను వదిలి వెళ్లింది.

ఇలాంటి నష్టమే ప్రాచీన భాషకు ముఖ్యమైన సాక్ష్యం. కిలికిలో పోయినదేమీ లేదు. దాని మాటలన్నీ నిన్ననే మూసలోంచి తీసినట్టు మెరుస్తుంటాయి. 750 మాటల్లో ఒక్కటి కూడా ఇంకో మాట అరిగి అయినది కాదు, పొరుగు తెగ దగ్గర అప్పు తెచ్చుకున్నది కాదు, తాతకు ఒక అర్థమూ మనవడికి ఇంకో అర్థమూ ఇచ్చేది కాదు.

5. నష్టాన్ని కూడా కట్టినవారు

అరుగుదలను చేత్తో తయారు చేయవచ్చా అంటే, చేయవచ్చు. చేసినవారున్నారు.

ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు బోధించిన జె.ఆర్.ఆర్. టోల్కీన్ ముందు భాషలు కట్టి, తర్వాత వాటిని మాట్లాడే లోకాన్ని కట్టాడు. 1954, 55 సంవత్సరాల్లో వెలువడిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' వెనక ఆ పని ఉంది. ఆయన ఎల్ఫుల కోసం ఒక మూలభాషను ఊహించాడు. దాని నుంచి ధ్వనులు ఏ వరసలో మారాయో సూత్రాలు రాసుకుని, క్వెన్యా, సిందారిన్ అని రెండు భాషలను దింపాడు. కథాకాలానికి క్వెన్యా నిత్య వ్యవహారం నుంచి తప్పుకుని పెద్దసభల్లో, పాటల్లో వినిపించే భాషైంది. సిందారిన్ వాడుకలో ఉంది. మనకు ఇది కొత్తగా అనిపించదు. పెళ్లిమంత్రం ఒక భాషలో, వియ్యపురాలి దెప్పులు ఇంకో భాషలో వినడం మనకు అలవాటే.

'స్టార్ ట్రెక్' సినిమా కోసం 1984లో క్లింగాన్ భాషను పెంచిన మార్క్ ఓక్రాండ్, కాలిఫోర్నియాలో మాట్లాడేవారు మిగలని ముట్సున్ అనే ఆదివాసీ భాష మీద పరిశోధన చేసినవాడు. ఓర్వకల్లులో కెమెరా తిరిగిన 2013లోనే 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ధారావాహికలో హై వలేరియన్ వినిపించింది. దాన్ని కట్టిన డేవిడ్ పీటర్సన్ ముందు పాత సామ్రాజ్యపు భాషను తయారు చేసి, తర్వాత బానిస వ్యాపారుల నగరాల్లో అది చెడి ఎలా మారి ఉంటుందో ఊహించి, రెండో భాషను దాని నుంచే పుట్టించాడు.

ఇవన్నీ దూరపు కొండలు. ఇంటి ఉదాహరణ మరచిపోతే తప్పవుతుంది. 1957లో వచ్చిన 'మాయాబజార్' నిర్మాతల్లో ఒకరైన బి. నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడులో పుట్టినవారు. తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి దర్శకుడు. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు. (సూరనదీ పింగళి ఇంటిపేరే. ఈ ఇంటిపేరులో ఏదో ఉందని విద్యార్థులు నవ్వుకోవచ్చు.) ఘటోత్కచుడి పరివారానికి నాగేంద్రరావు పరాయి భాషను తగిలించలేదు. 'అస్మదీయులు' అనే సంస్కృతపు మాటను వారి నోట 'అసమదీయులు' చేశాడు. సంయుక్తాక్షరం మధ్యన ఒక అచ్చు దూరింది. పల్లెల్లో 'భక్తి' బకితి అయ్యే పద్ధతే ఇది. ఆ పక్కనే, దానికి ఎదురుగా 'తసమదీయులు' పుట్టించాడు. ఏ పండితుడూ ఒప్పుకోని ఈ మాట వినేవాడికి మాత్రం క్షణంలో అర్థమైపోతుంది. వీరతాడు, గింబళి కూడా ఆ చేతివే.

చూడండి, రాక్షసులు ఇక్కడ భయపెట్టరు. వాళ్లకూ ఒక బడి ఉంది, తప్పులు దిద్దే ఒక గురువున్నాడు, నోరు తిరగని శిష్యులున్నారు. ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలు ఎక్కడి నుంచి వస్తాయని ఘటోత్కచుడే గురువును ఎదురడుగుతాడు. గుప్పెడు మాటలతో, ఒక్క వ్యాకరణ సూత్రమూ చెప్పకుండా, ఆ సినిమా ఒక జాతికి ఇంటి పలుకును ఇచ్చింది. ఆరు దశాబ్దాలు దాటాక కూడా రాజకీయ వార్తల్లో అస్మదీయులూ తస్మదీయులూ జంటగా తిరుగుతూనే ఉన్నారు.

6. వాడేవారు దొరికితే

సినిమా అయిపోయాక కిలికి ఏమైంది? ఇది దాని కథలో ఆసక్తికరమైన భాగం. గాయని స్మిత ఆ మాటలతో పాట చేశారు. పిల్లలు బడి మైదానాల్లో కాలకేయుడి అరుపులు అరిచారు. 2020 ఫిబ్రవరి 21న, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం నాడు, కార్కి ఆ భాషకు లిపి, అంకెలు, నిఘంటువు పెట్టి జనానికి అందించారు. ప్రపంచంలోకెల్లా తేలిగ్గా నేర్చుకోగల భాష అని ప్రచారం చేశారు. శత్రువును జడిపించడానికి పుట్టినది పిల్లలు సరదాగా నేర్చుకునే ఆటగా మళ్లీ మొదటికి వచ్చింది. ఎవరైనా దాన్ని పట్టుకుని పదేళ్లు ఉత్తరాలు రాసుకుంటే, తప్పులు చేస్తే, ఆ తప్పులు అలవాటైతే, అప్పుడు దానికి వయసు రావడం మొదలవుతుంది.

కట్టిన మాటకు జనం వయసు పోయడం ఈ నేలకు తెలియనిది కాదు. 'రాయలసీమ' అన్న పేరు రాయల కాలం నుంచీ ఉందని చాలామంది అనుకుంటారు. నిజాం వదులుకున్నాక 1800 నుంచి ఈ జిల్లాలు దత్తమండలాలు. 1928లో నంద్యాలలో జరిగిన మహాసభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ అనే పేరును ముందుకు తెచ్చారు. ఆ సభకు ఇంకా నూరేళ్లు నిండలేదు. అయినా జనం దాన్ని కరువులో, ఉద్యమంలో, పాటలో, తిట్టులో వాడారు. ఇవాళ ఆ పేరు లేని కాలాన్ని ఊహించడం కష్టం.

బ్రౌన్ నిఘంటువు దగ్గరికి ఇప్పుడు రావచ్చు. ఆయన పెద్ద నిఘంటువుతో పాటు మిశ్రభాషా నిఘంటువు కూడా తయారు చేశాడు. తెలుగు కచేరీల్లో, బజార్లలో తిరిగే పారశీక, హిందూస్తానీ, ఇతర పరభాషా పదాలను ఏరి చేర్చిన పుస్తకం.  జమాబందీ, ఫైసలా, దస్తు, హాజరు వంటి మాటలు లేకుండా ఆనాటి కడప రైతు బతుకు సాగదు. శుద్ధ తెలుగు కావాలన్న పండితుడికి అది చెత్త. బ్రౌన్ మాత్రం ఆ మాటలను పారేయకుండా పుస్తకానికి ఎక్కించాడు. విజయనగరం పోయి, గోల్కొండ వచ్చి, కడప నవాబులు వచ్చి, హైదరలీ వచ్చి, కుంపిణీ వచ్చిన చరిత్రంతా ఆ అరువు మాటల్లో పొరలు పొరలుగా ఉంది. ఏ ఊహాలోకపు భాషకైనా ఇలాంటి ఒక మిశ్రభాషా నిఘంటువు రాయగలిగితే, ఆ లోకంలో ఎవరు ఎవరిని జయించారో కథ చెప్పకుండానే తెలిసిపోతుంది.

వెనక వరుసల్లో కథలు రాసే పిల్లలు, సినిమాల్లోకి వెళ్లాలనుకునే పిల్లలు ఉన్నారు. వారికి ఈ సభ ముఖంగా ఒక పని. మీ ఊహారాజ్యానికి ప్రాచీన భాష కావాలంటే యుద్ధకేకతో మొదలుపెట్టకండి. ముందు ఆ భాషలో ఒక భూమి దస్తావేజు రాయండి, చివర ఒక శాపం పెట్టండి. ఆ దస్తావేజులోని ఒక ధ్వనిని చంపేసి, మూడు వందల ఏళ్ల తర్వాత అదే ఊరి పేరు ఎలా మారిందో రాయండి. కొండ అవతలి వారి యాసలో అదే వాక్యాన్ని ఇంకోలా పలికించండి. జయించి వచ్చినవాడి భాష నుంచి పన్నుల మాటలు అప్పు తెండి. పొరుగువారు ఎగతాళి చేసే పేరొకటి, ఇంట్లోవారు ముద్దుగా పిలుచుకునే పేరొకటి ఆ భాషకు పెట్టండి. సరంజామా అంతా మీ చేతికి అందేంత దూరంలోనే ఉంది: రేనాటి చోళుల శాసనపాఠాలు, కడప జిల్లా ఊళ్ల చరిత్రలు చెప్పే కైఫీయతులు, బ్రౌన్ రెండు నిఘంటువులు, ఊళ్లో ఇంకా ఎరుకల మాట మాట్లాడే అవ్వలు. అవ్వల దగ్గరికి ముందు వెళ్లండి, శాసనాలు ఆగుతాయి.